ఫంక్ రాక్‌లో ముందు ఏది వినాలి: స్లై స్టోనా, ఫంకడెలిక్కా, చిల్లీ పెప్పర్సా?

పోయిన నెల లంచ్ టైంలో మా ఆఫీసులో ఒక తమ్ముడు అడిగాడు, అన్నా రెడ్ హాట్ చిల్లీ పెప్పర్స్ పాటలు రెండు మూడు విన్నాను, ఆ బేస్ ఏంటన్నా అలా ఉంది, అలాంటివి ఇంకా ఏమున్నాయి అని. నాకు ఆనందం పట్టలేక అక్కడికక్కడే పదిహేను బ్యాండ్ల పేర్లు వాట్సాప్‌లో పంపేశా. వారం తర్వాత అడిగితే ఒక్కటి కూడా వినలేదు, ఎక్కడ మొదలుపెట్టాలో తెలీక వదిలేశాడంట. పేర్లు ఇస్తే సరిపోదు, ఎవరికి ఏది పడుతుందో చెప్పాలి, ఒకదాని పక్కన ఒకటి పెట్టి తేడా చూపించాలి. అందుకే కూర్చుని ఇది రాస్తున్నా, కొంచెం పొడుగే అవుతుంది, ఓపిగ్గా చదవండి.

ముందు ఆ సౌండ్, అంటే ఫంక్ రాక్, అలా ఎందుకుంటుందో చెప్తా, ఎందుకంటే ఏది ఎంచుకోవాలన్నది దాన్ని బట్టే ఉంటుంది. మామూలు రాక్ పాటలో నాలుగు దెబ్బలు లెక్కపెడితే బలం రెండో దెబ్బ మీద, నాలుగో దెబ్బ మీద ఉంటుంది, స్నేర్ డ్రమ్ ఠప్పుమని పడేది అక్కడే, జనం చప్పట్లు కొట్టేది కూడా అక్కడే. ఫంక్‌లో (దరువే ప్రాణంగా నడిచే, అమెరికా నల్లవాళ్ళ సంగీతం) స్నేర్ అలాగే పడుతుంది గానీ బ్యాండ్ అంతా కలిసి బరువు వేసేది ఒకటో దెబ్బ మీద. ఫంక్ గాయకుడు జేమ్స్ బ్రౌన్ దీన్ని 'ది వన్' అనేవాడు. కచేరీలో తని ఆవర్తనం చివర మృదంగం ఆయన ఎక్కడెక్కడో తిరిగొచ్చి తీర్మానం వేసి సరిగ్గా సమం మీద పడతాడు చూడండి, అప్పుడు హాల్లో అందరి తలా ఒకేసారి ఊగుతుంది కదా, ఫంక్‌లో ఆ పడటం కోసం చివరిదాకా ఆగక్కర్లేదు, ప్రతి నాలుగు దెబ్బలకీ ఒకసారి వస్తూనే ఉంటుంది. 1967లో వచ్చిన ఆయన 'కోల్డ్ స్వెట్' వినండి, అందులో గిటార్, ట్రంపెట్లు, బేస్ (లావు తీగలతో కింది స్వరాలు పలికే గిటార్) అన్నీ డ్రమ్ముల పనే చేస్తుంటాయి, రాగం పాడే పని ఎవరూ పెట్టుకోరు. ఆ బ్యాండ్‌లో గిటార్ వాయించిన జిమ్మీ నోలెన్ తీగల్ని పూర్తిగా నొక్కకుండా చిక్‌చిక్‌చిక్ అని గీకేవాడు, ఇప్పటికీ ఫంక్ గిటార్ అంటే అదే.

దీనికి రాక్ ఏం కలిపిందంటే వాల్యూమ్, డిస్టార్షన్ (గిటార్ గొంతు చీరినట్టు గరగరమనడం), పొడుగాటి సోలోలు, వా పెడల్ (కాలితో తొక్కితే గిటార్ వా వా అనే పరికరం). నేను ఎప్పుడూ ఒకే లెక్క పెట్టుకుంటా: కింద ఫంక్, పైన రాక్. కింద అంటే బేస్, డ్రమ్స్. పైన అంటే గిటార్, గొంతు. ఇందులో కష్టం ఎక్కడంటే కింద వాళ్ళకి ఖాళీ కావాలి, రెండు దెబ్బల మధ్య నిశ్శబ్దం ఉంటేనే ఆ దెబ్బకి విలువ, పైన ఉన్న గిటార్‌కేమో ఖాళీ కనిపిస్తే నింపేయాలని ఉంటుంది. ఈ ఇద్దరి మధ్య తగువు ఏ ఆల్బమ్‌లో సరిగ్గా తీరిందో అదే మంచి ఫంక్ రాక్ ఆల్బమ్ అని నా నమ్మకం. కింద చెప్పే పోలికలన్నీ ఈ ఒక్క విషయం మీదే నడుస్తాయి.

ఇంకొక్క మాట, దయచేసి ఫోన్ స్పీకర్లో వినొద్దు. బేస్ గిటార్‌లో అన్నిటికంటే లావు తీగ ఊరికే మీటితే వచ్చేది దాదాపు 41 హెర్ట్‌జ్, ఫోన్ స్పీకర్ అంత కిందకి దిగలేదు, అంటే పాటలో సగం మీకు చేరకుండానే నచ్చలేదు అనేస్తారు. ఖరీదైనవి అక్కర్లేదు, మామూలు ఇయర్‌ఫోన్స్ చాలు, చెవిలో గట్టిగా కూర్చుంటే చాలు. ఇళయరాజా పాటల్లో బేస్ వెతుక్కుని మరీ వినే అలవాటు ఉన్నవాళ్ళు మనలో చాలామంది ఉన్నారు, వాళ్ళకి ఇది కొత్తేం కాదు, అదే చెవి ఇక్కడా పెట్టండి.

మొదటి ఎంపిక స్లై అండ్ ది ఫ్యామిలీ స్టోన్. శాన్‌ఫ్రాన్సిస్కో బ్యాండ్, 1966లో మొదలైంది. నల్లవాళ్ళు తెల్లవాళ్ళు, ఆడవాళ్ళు మగవాళ్ళు అందరూ కలిసి ఒకే స్టేజీ మీద, ట్రంపెట్ వాయించేది సింథియా రాబిన్సన్, డ్రమ్స్ మీద గ్రెగ్ ఎరికో, అప్పట్లో అమెరికాలో అలాంటి బ్యాండ్ కనిపించడమే అరుదు. అయితే మనకి అసలు మనిషి బేస్ వాయించిన లారీ గ్రాహమ్. ఆయన కథ చెప్పకుండా ముందుకెళ్ళలేను. చిన్నప్పుడు వాళ్ళ అమ్మతో కలిసి క్లబ్బుల్లో వాయించేవాడు, ఆమె పియానో, ఈయన గిటార్, ఇంకో డ్రమ్మర్. కాళ్ళతో ఆర్గన్ పెడల్స్ తొక్కుతూ కింది స్వరాలు కూడా తనే ఇచ్చేవాడు. ఆ ఆర్గన్ పాడైతే ప్రస్తుతానికి అని ఒక బేస్ గిటార్ అద్దెకి తెచ్చుకున్నాడు. తర్వాత డ్రమ్మర్ కూడా వెళ్ళిపోయాడు. ఇక డ్రమ్ము లేని లోటు ఎలా తీర్చాలి? బొటనవేలితో లావు తీగని దబ్బుమని కొడితే అది కాలితో కొట్టే కిక్ డ్రమ్ అయింది, చూపుడు వేలితో సన్న తీగని కిందనుంచి లాగి వదిలితే టప్పుమని పలకకి కొట్టుకుని స్నేర్ అయింది. ఇవాళ ప్రపంచమంతా స్లాప్ బేస్ అని నేర్చుకునేది అదే, ఒక కొడుకు వాళ్ళమ్మ కచేరీ ఆగకూడదని కనిపెట్టిన ఉపాయం. 1969 చివర్లో వచ్చిన 'థాంక్యూ' పాటలో అది మొదటి నుంచి చివరిదాకా వినిపిస్తుంది, వినేటప్పుడు కళ్ళు మూసుకుని ఆ బొటనవేలు మాత్రం పట్టుకోండి.

స్లైలో మళ్ళీ రెండు దారులు. 1969లో వచ్చిన 'స్టాండ్!' ఒకటి, 1971 నవంబర్‌లో వచ్చిన 'దేర్స్ ఎ రయట్ గోయిన్ ఆన్' ఇంకొకటి. కొత్తవాళ్ళకి నేను కళ్ళు మూసుకుని 'స్టాండ్!' చెప్తా. అందులో 'సింగ్ ఎ సింపుల్ సాంగ్' అనే పాట ఉంది, బేస్, గిటార్ కలిసి ఒకే రిఫ్ (మళ్ళీ మళ్ళీ తిరిగే చిన్న ముక్క) వాయిస్తుంటే డ్రమ్ము దాని చుట్టూ తిరుగుతుంది, ఫంక్ రాక్ అంటే ఏంటి అని ఎవరైనా అడిగితే మాటలు లేకుండా అది పెట్టేస్తా. అదే ఆల్బమ్‌లో 'ఎవ్రీడే పీపుల్' ఉంది, అందులో గ్రాహమ్ పాట మొత్తం ఒక్కటే స్వరం వాయిస్తాడు, ఒక్కటంటే ఒక్కటే, ఇంకో స్వరానికి జరగడు. అంత చేతనైనవాడు అలా ఆగాడు చూడండి, అందుకే పాట నిలబడింది. ఇక 'రయట్' సంగతి వేరు, అది చీకటి ఆల్బమ్. ఎరికో వెళ్ళిపోయాడు, స్లై చాలాచోట్ల డ్రమ్ మెషీన్ పెట్టుకుని ఒక్కడే ట్రాక్ మీద ట్రాక్ రికార్డ్ చేస్తూ చెరుపుతూ మళ్ళీ చేస్తూ పోయాడు, ఆ టేపు అరిగిపోయి సౌండ్ మీద మట్టి కప్పినట్టు ఉంటుంది. గొప్ప ఆల్బమ్, నాకు ప్రాణం, కానీ మొదటిరోజు వింటే ఏంటీ నీరసం అనిపిస్తుంది. 'స్టాండ్!' ఒక నెల విన్నాక దీనికి రండి, ఆ సంతోషం రెండేళ్ళలో ఏమైపోయిందో తెలిసి వింటే గుండె బరువెక్కుతుంది. స్లై 2025 జూన్‌లో పోయాడు, ఆ రాత్రి నేను మళ్ళీ మొదటినుంచి అన్నీ వరసగా విన్నా.

గిటార్ పిచ్చి ఉన్నవాళ్ళకి మాత్రం స్లై కంటే ముందు వేరే చెప్తా. గిటారిస్ట్ జిమీ హెండ్రిక్స్ విని ఉంటే 'బ్యాండ్ ఆఫ్ జిప్సీస్' దగ్గర మొదలుపెట్టండి, 1970 జనవరి 1న న్యూయార్క్ ఫిల్మోర్ ఈస్ట్‌లో లైవ్‌గా రికార్డ్ చేసింది. బేస్ మీద బిల్లీ కాక్స్, డ్రమ్స్ మీద బడ్డీ మైల్స్. అంతకుముందు హెండ్రిక్స్ బ్యాండ్‌లో డ్రమ్మర్ మిచ్ మిచెల్ జాజ్ మనిషి, గిటార్‌తో పాటే పరిగెత్తేవాడు. మైల్స్ అలా కాదు, ఎద్దుబండి చక్రంలా బరువుగా ఒకే దారిలో నడుస్తాడు, దాంతో పైన హెండ్రిక్స్‌కి ఎంత దూరం పోయినా తిరిగొచ్చి దిగడానికి నేల దొరికింది. 'మెషీన్ గన్' పన్నెండు నిమిషాల పాట, దాని గురించి నేనేం రాసినా తక్కువే.

అక్కడి నుంచి నేరుగా ఫంకడెలిక్. జార్జ్ క్లింటన్ న్యూజెర్సీలోని ప్లెయిన్‌ఫీల్డ్ అనే ఊళ్ళో బార్బర్ షాపులో పనిచేస్తూ అక్కడే ది పార్లమెంట్స్ అని ఒక గాత్ర బృందం పెట్టాడు, సూట్లు వేసుకుని కలిసి పాడే టైపు. తర్వాత డెట్రాయిట్ చేరాక అక్కడి రాక్ బ్యాండ్ల హోరు చెవిన పడింది, వెనకాల వాయించే కుర్రాళ్ళని ముందుకి తెచ్చి ఫంకడెలిక్ అన్నాడు. ఒకే గుంపు రెండు పేర్లతో పనిచేసేది, పార్లమెంట్ అంటే బ్రాస్ వాయిద్యాలు, డాన్స్, ఫంకడెలిక్ అంటే గిటార్లు. ఇది తెలీక చాలామంది పార్లమెంట్ విని ఇందులో రాక్ ఎక్కడుంది అంటారు, కాబట్టి కవర్ మీద పేరు చూసుకోండి.

ఫంకడెలిక్‌లో పోటీ 1971 నాటి 'మాగట్ బ్రెయిన్'కి, 1978 నాటి 'వన్ నేషన్ అండర్ ఎ గ్రూవ్'కి. మొదటిదాంట్లో మొదటి పాటే పది నిమిషాల గిటార్ సోలో, ఎడ్డీ హేజెల్ వాయించాడు. మీ అమ్మ చనిపోయిందని ఇప్పుడే తెలిసినట్టు వాయించు అని క్లింటన్ చెప్పాడంట, మిక్సింగ్‌లో మిగతా వాయిద్యాలన్నిటినీ దాదాపు తగ్గించేసి ఆ గిటార్‌ని ఒంటరిగా వదిలేశాడు. నేను మొదటిసారి రాత్రి బస్సులో విన్నా, విజయవాడ దాటి సూర్యాపేట వైపు వస్తుంటే లైట్లన్నీ ఆర్పేసి ఉన్నాయి, పక్క సీటాయన నిద్రలో ఉన్నాడు, పాట అయ్యాక తర్వాత పాటకి పోకుండా ఆపేసి కిటికీలోంచి చూస్తూ కూర్చుండిపోయా. కానీ ఒకటి గుర్తుపెట్టుకోండి, ఆ పాటలో కాలు కదిలించే దరువు ఉండదు. అది విని ఫంక్ అంటే ఇదా అనుకుని ఆగిపోవద్దు, అదే ఆల్బమ్‌లో 'సూపర్ స్టుపిడ్' దాకా వెళ్ళండి, అది మెటల్ వినేవాళ్ళని కూడా లేచి నిలబెడుతుంది. 'వన్ నేషన్' ఆల్బమ్ అయితే పూర్తిగా పండగ, అప్పటికి జేమ్స్ బ్రౌన్ దగ్గర వాయించి వచ్చిన బూట్సీ కాలిన్స్ కూడా ఈ గుంపులో ఉన్నాడు, బర్నీ వొరెల్ కీబోర్డులు ఉన్నాయి. అందులో ఫంక్ బ్యాండ్ రాక్ వాయించలేదని ఎవడన్నాడు అని నేరుగా పేరు పెట్టుకున్న పాటే ఒకటుంది. నలుగురు కూడినప్పుడు పెట్టుకోవడానికి 'వన్ నేషన్', ఒంటరిగా వినడానికి 'మాగట్ బ్రెయిన్'.

ఆడగొంతు కావాలంటే బెట్టీ డేవిస్ 1973లో తన పేరుతోనే చేసిన మొదటి ఆల్బమ్ పట్టుకోండి. పైన చెప్పిన గ్రెగ్ ఎరికోయే నిర్మాత, బేస్ మీద లారీ గ్రాహమే. ఆమె తియ్యగా పాడదు, గొంతు చించుకుంటుంది, కోప్పడుతుంది, వెక్కిరిస్తుంది, అప్పట్లో రేడియోలకి అది మింగుడుపడలేదు. అట్లాంటా నుంచి వచ్చిన మదర్స్ ఫైనెస్ట్ ఇంకో రకం, జాయిస్ కెన్నడీ గొంతులో చర్చి పాటల బలం ఉంటుంది, వెనక గిటార్లు గట్టి హార్డ్ రాక్, 1977 నాటి 'అనదర్ మదర్ ఫర్దర్' వినండి. నా ఓటు బెట్టీకే, మీకు గిటార్ గట్టిగా కావాలంటే రెండోది.

ఇదే కాలంలో పెద్ద రాక్ బ్యాండ్లు కూడా ఇటు చెయ్యి పెట్టాయి, లెడ్ జెప్పెలిన్ 1975లో 'ట్రాంపుల్డ్ అండర్ ఫుట్' చేసింది, ఏరోస్మిత్ అదే ఏడాది 'వాక్ దిస్ వే' చేసింది, 1976లో వైల్డ్ చెర్రీ అనే ఒహాయో బ్యాండ్ 'ప్లే దట్ ఫంకీ మ్యూజిక్' అనే ఒకే పాటతో అమెరికా చార్టుల్లో నంబర్ వన్ కొట్టింది. ఇవి పాటలుగా వినండి, వీటి కోసం మొత్తం ఆల్బమ్‌లు తిరగెయ్యక్కర్లేదు. స్టీవీ వండర్ 1972 నాటి 'సూపర్‌స్టిషన్' మాత్రం తప్పనిసరి, అందులో గిటార్ అనుకునేది గిటార్ కాదు, క్లావినెట్ అనే కీబోర్డు, మెట్టు నొక్కితే లోపల నిజంగానే తీగ మోగుతుంది, అందుకే ఆ కరుకుదనం.

ఇప్పుడు మన తమ్ముడు అడిగిన చిల్లీ పెప్పర్స్ దగ్గరికి వద్దాం. లాస్ ఏంజెలెస్ స్కూల్ స్నేహితులు, 1980ల మొదట్లో మొదలుపెట్టారు. వీళ్ళు పంక్ (వేగంగా, మోటుగా వాయించే రాక్) వినే కుర్రాళ్ళు, అందుకే వాళ్ళ ఫంక్‌లో ఆ తొందర ఉంటుంది. మొదటి ఆల్బమ్ 1984లో గ్యాంగ్ ఆఫ్ ఫోర్ అనే బ్యాండ్ గిటారిస్ట్ ఆండీ గిల్ చేతిలో తయారైంది, రెండోది 'ఫ్రీకీ స్టైలీ' కోసం 1985లో డెట్రాయిట్ వెళ్ళి సాక్షాత్తూ జార్జ్ క్లింటన్‌నే నిర్మాతగా పెట్టుకున్నారు, అందులో స్లై స్టోన్ పాట ఒకటి, న్యూ ఆర్లీన్స్ బ్యాండ్ ది మీటర్స్ పాట ఒకటి మళ్ళీ పాడారు. అంటే వీళ్ళు ఎవరి దగ్గర నేర్చుకున్నారో వాళ్ళే చెప్పుకున్నారు, కానీ మనలో చాలామంది వీళ్ళ దగ్గరే మొదలుపెట్టి వీళ్ళ దగ్గరే ఆగిపోతారు, అదే నాకు బాధ.

అయినా మొదటి ఆల్బమ్‌గా వీళ్ళది ఇవ్వడం తప్పేం కాదు, ఏది ఇస్తున్నాం అనేదే ముఖ్యం. 1989 నాటి 'మదర్స్ మిల్క్', 1991 నాటి 'బ్లడ్ షుగర్ సెక్స్ మ్యాజిక్', ఈ రెండూ పక్కపక్కన పెట్టి వింటే నేను పైన చెప్పిన ఖాళీ సంగతి ఒక్క గంటలో అర్థమైపోతుంది. 'మదర్స్ మిల్క్'లో స్టీవీ వండర్ 'హయ్యర్ గ్రౌండ్' పాటని మళ్ళీ పాడారు, బేస్ వాయించే ఫ్లీ మొదలుపెట్టగానే రోమాలు నిక్కబొడుచుకుంటాయి, తర్వాత గిటార్లు వస్తాయి, మందంగా, పొర మీద పొర, కొద్దిసేపటికి బేస్ ఆ గోడ వెనక్కి వెళ్ళిపోతుంది. అప్పుడే చేరిన పద్దెనిమిదేళ్ళ గిటారిస్ట్ జాన్ ఫ్రుషాంటేకి అంత మందం ఇష్టం లేక నిర్మాతతో గొడవ కూడా పడ్డాడు. రెండేళ్ళ తర్వాత 'బ్లడ్ షుగర్'కి రిక్ రూబిన్ నిర్మాతగా వచ్చి వీళ్ళని స్టూడియోకి కాకుండా లారెల్ కాన్యన్‌లో ఒక పాత బంగ్లాకి తీసుకెళ్ళి రికార్డ్ చేయించాడు. ఫ్లీ స్లాప్ బాగా తగ్గించేశాడు, ఎక్కువగా వేళ్ళతోనే మీటాడు. ఫ్రుషాంటే గిటార్ సన్నగా పొడిగా అయిపోయింది. చాడ్ స్మిత్ డ్రమ్ము ఎదురుగా కూర్చుని వాయిస్తున్నట్టు ఉంటుంది.

అందులో 'ఇఫ్ యూ హావ్ టు ఆస్క్' అనే పాట తీసుకోండి. ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని మొదటిసారి బేస్ మాత్రమే వినండి, రెండోసారి గిటార్ మాత్రమే, మూడోసారి ఇద్దరూ లేని చోట్లు వినండి. ఒకడు వాయించి ఆగుతాడు, ఇంకొకడు ఆ ఆగిన చోట రెండు ముక్కలు పలికి తప్పుకుంటాడు, పొలంలో నాట్లేసేటప్పుడు ఒకరు పాట ఎత్తుకుంటే మిగతావాళ్ళు అందుకుంటారు చూడండి, అంత సహజంగా జరుగుతుంది. ఇదే ఫంక్ రాక్. ఒక్క హెచ్చరిక, ఆ ఆల్బమ్ 70 నిమిషాలు దాటి ఉంటుంది, మాటల్లో బూతు, శృంగారం బాగానే ఉంటాయి, ఇంట్లో పిల్లల ముందు, కార్లో అమ్మానాన్న ముందు పెట్టే ఆల్బమ్ కాదు. ఆ మాటకొస్తే ఫంకడెలిక్, బెట్టీ డేవిస్ కూడా అంతే.

మెటల్ నుంచి వచ్చేవాళ్ళకి వేరే దారి. లివింగ్ కలర్ 1988 నాటి 'వివిడ్' మొదటిది. న్యూయార్క్ బ్యాండ్, నలుగురూ నల్లవాళ్ళు, గిటారిస్ట్ వెర్నన్ రీడ్. అప్పటికి రాక్ అంటే తెల్లవాళ్ళ సొత్తు అని రేడియోలు, కంపెనీలు గిరిగీసుకుని కూర్చున్నాయి, రాక్ పుట్టించిందే నల్లవాళ్ళు అయినా సరే. దాని మీద పోరాడటానికి రీడ్ ఇంకొందరితో కలిసి 1985లో బ్లాక్ రాక్ కొయలిషన్ అని సంఘం పెట్టాడు. లివింగ్ కలర్ పాట 'కల్ట్ ఆఫ్ పర్సనాలిటీ' నల్లవాళ్ళ నాయకుడు మాల్కం ఎక్స్ గొంతుతో మొదలవుతుంది, ఆ పాటకి గ్రామీ కూడా వచ్చింది. రీడ్ సోలోలు అంత తేలిగ్గా చెవికెక్కవు, గీతలు గీసి పారేసినట్టు ఉంటాయి, రెండు మూడుసార్లు వినాలి. లాస్ ఏంజెలెస్‌లో ఫిష్‌బోన్ కూడా ఇదే గిరి దాటుతూ వచ్చింది, 1988 నాటి 'ట్రూత్ అండ్ సోల్' మంచి ఆల్బమ్, కానీ అందులో స్కా (జమైకా దరువు), పంక్, సోల్ (చర్చి పాటల ఊపున్న నల్లవాళ్ళ పాట) అన్నీ కలిసి ఉంటాయి, ఫంక్ రాక్ మాత్రమే కావాలనుకునేవాడికి కంగారుగా ఉంటుంది. ఫెయిత్ నో మోర్ 1989 నాటి 'ది రియల్ థింగ్'లో కీబోర్డులు, మెటల్ గిటార్ ఎక్కువ, ఫంక్ పాలు తక్కువ. మూడిట్లో నేనైతే 'వివిడ్' ఇస్తా.

రేజ్ అగైన్‌స్ట్ ది మెషీన్‌ని ఈ లెక్కలో పెట్టొచ్చా అని చాలా వాదన ఉంటుంది. నేను పెడతా. 1992 నాటి మొదటి ఆల్బమ్‌లో టామ్ మొరెల్లో గిటార్ డీజే రికార్డు గీకినట్టు, సైరన్ మోగినట్టు రకరకాలుగా వినిపిస్తుంది, ఆల్బమ్‌తో ఇచ్చే నోట్స్‌లో ఇందులో శాంపిల్స్ (వేరే రికార్డుల నుంచి తీసిన ముక్కలు), కీబోర్డులు, సింథసైజర్లు వాడలేదని ప్రత్యేకంగా రాసుకున్నారు, అంతా గిటార్ స్విచ్‌తో, పెడల్స్‌తో చేసిందే. కానీ ఆ గిటార్‌ని మర్చిపోయి కిందకి వినండి, బేస్ మీద టిమ్ కమర్‌ఫోర్డ్, డ్రమ్స్ మీద బ్రాడ్ విల్క్ వాయించేది అచ్చంగా ఫంకే, నెమ్మదిగా, బరువుగా, ఒకటో దెబ్బ మీద కాలు ఊనుకుని. చిల్లీ పెప్పర్స్ మాటలు చిల్లరగా అనిపించి, పాటలో విషయం ఉండాలి, కోపం ఉండాలి అనుకునేవాళ్ళకి ఇదే సరైనది.

బేస్ నేర్చుకునే పిల్లలకి విడిగా చెప్పాలి, ఎందుకంటే వీళ్ళలో ఎక్కువమంది ప్రైమస్ అనే బ్యాండ్ వీడియోలు చూసి అందులో బేస్ వాయించే లెస్ క్లేపూల్‌లా వాయించాలని మొదటి నెలలోనే వేళ్ళు వాయగొట్టుకుంటున్నారు. క్లేపూల్ అద్భుతమే, 1991 నాటి 'సెయిలింగ్ ది సీస్ ఆఫ్ చీజ్' వినాల్సిందే, ఆ బ్యాండ్‌లో బేసే ముందు నడుస్తుంది, గిటార్ వెనక నుంచి వింత చప్పుళ్ళు చేస్తుంది, అంటే పైనుండాల్సింది కింద, కిందుండాల్సింది పైన. అది చూడ్డానికి బాగుంటుంది గానీ నేర్చుకోవడం అక్కడ మొదలుపెడితే డ్రమ్మర్‌తో కలిసి నడవడం ఎప్పటికీ రాదు. నా వరస ఇది, ముందు 'ఎవ్రీడే పీపుల్' ఒకే స్వరం, మెట్రోనోమ్ (టిక్కుటిక్కుమని లయ చూపే పరికరం) పెట్టుకుని, ఊపు తగ్గకుండా పాట మొత్తం, అది తేలిక అనుకుంటే ఒకసారి ప్రయత్నించి రికార్డ్ చేసుకుని వినండి, ఎక్కడ జారారో తెలుస్తుంది. తర్వాత 'థాంక్యూ'తో బొటనవేలు. స్లాప్ చేసేటప్పుడు మోచెయ్యి ఊపొద్దు, తాళం చెవి తిప్పినట్టు మణికట్టు తిరగాలి, బొటనవేలు తీగ మీద పడి వెంటనే లేచిపోవాలి, అక్కడే ఉండిపోతే మోత చచ్చిపోయి దడ్ అని ఊరుకుంటుంది. ఆ తర్వాత ఫ్లీ, చివర్లో క్లేపూల్. స్లాప్ మీద మోజుతో వేళ్ళతో మీటడం వదిలేసిన కుర్రాళ్ళని చూశా, ఏ బ్యాండ్‌లోనూ ఇమడలేకపోయారు.

ఇక ప్లేలిస్టా ఆల్బమా అంటే, ఈ సంగీతానికి నా సలహా ఆల్బమే. యాప్‌లో ఫంక్ రాక్ అని కొడితే డిస్కో, 80ల పాప్, మొన్నొచ్చిన సినిమా రీమిక్సులు అన్నీ కలిపి ఇస్తుంది, ఒక పాట దరువు ఒంటికి పట్టేలోపు ఇంకో పాట వచ్చేస్తుంది. ఈ పాటల్లో ఒకే ముక్క నాలుగైదు నిమిషాలు తిరుగుతూ ఉంటుంది, అది విసుగు కాదు, తీన్మార్ దెబ్బ మొదట్లో వినడానికి ఒకేలా ఉండి పది నిమిషాలు గడిచాక ఊరేగింపులో అడుగు దానంతటదే పడుతుంది కదా, ఇదీ అలా ఎక్కాల్సిందే. కాబట్టి పల్లవి చరణం కోసం ఎదురుచూడకుండా ఒక ఆల్బమ్ సగమైనా ఆపకుండా వినండి.

నన్ను ఒక్కటే చెప్పమంటే రాక్ అలవాటున్నవాళ్ళకి 'బ్లడ్ షుగర్', పాత పాటలు, సోల్ ఇష్టపడేవాళ్ళకి 'స్టాండ్!', గిటార్ కోసమే బతికేవాళ్ళకి 'మాగట్ బ్రెయిన్'. మూడిట్లో ఏది నచ్చినా తర్వాత మిగతా రెండూ వినండి, అవి ఒకే ఇంటివి, ఒకటి వింటుంటే ఇంకోటి గుర్తొస్తుంది. మా తమ్ముడికి ఈసారి పదిహేను పేర్లు పంపలేదు, 'ఇఫ్ యూ హావ్ టు ఆస్క్', దాని వెనకే 'సింగ్ ఎ సింపుల్ సాంగ్', ఈ రెండే పంపి బేస్ మాత్రమే విను అన్నా. మర్నాడు పొద్దున లిఫ్ట్‌లో కనిపించి, అన్నా వీళ్ళిద్దరి మధ్య ఇరవై ఏళ్ళు తేడా ఉందా నిజంగా అన్నాడు. ఉంది, 1969కి 1991కి మధ్య ఇరవై రెండు. ఈ వారం వాడికి బెట్టీ డేవిస్ పంపుతున్నా.